సగం భోజనం

దొంగతనం చేస్తూ పట్టుబడ్డవాళ్ళ ముఖం ఎలా వుంటుందో ఇన్నాళ్లూ నవలల్లో రాయడమే తెలుసు నాకు. మొన్న ఆదివారం మధ్యాహ్నం అనుభవం కూడా అయింది.

మావారు కునుకు తీసి లేచి కాఫీ కోసం వంటింట్లోకి వచ్చారు. నేను లేను. హాల్లో చూశారు. లేను. చివరికి వెనకగది తలుపు తోస్తే - నేలమీద చాప, చాప మీద నేను, నా ఒళ్లో గిటారు. అంతవరకూ బాగానే వుంది. కానీ నా వేళ్లు తీగల మీద లేవు. ముక్కు మాత్రం గిటారు మధ్యనున్న గుండ్రటి రంధ్రానికి ఆనించి వుంది. పైగా కళ్లు మూసుకుని వున్నాను.

"ఏం చేస్తున్నావు?"

"సాధన" అన్నాను కళ్లు తెరవకుండానే.

"ముక్కుతోనా?"

ఏం చెప్పను? వాసన చూస్తున్నానని చెప్పాను. ఆయన కాసేపు నిలబడి, లోపల్లోపల ఏదో లెక్క వేసుకుని, "ముప్ఫై ఎనిమిది వేలు పెట్టి అగరొత్తి కొన్న మనిషిని నిన్నే చూస్తున్నాను" అని వెళ్లిపోయారు. కాఫీ కూడా ఆయనే కలుపుకున్నారు. అంటే మాట గట్టిగానే అన్నారన్నమాట!

నవ్వుకున్నాను. కానీ నవ్వు అయిపోయాక ఆ మాట పోలేదు. చెప్పులో రాయిలా అక్కడే వుండిపోయింది. నిజంగా నేను చేస్తున్నది ఏమిటి? ఒక వాద్యాన్ని కొని, వాయించకుండా, దాని వాసన మాత్రం అనుభవించడం తప్పా? తప్పు కాకపోతే పట్టుబడ్డప్పుడు నా ముఖం అలా ఎందుకైంది?

కొన్న రోజు సంగతి చెప్పాలి మీకు. నాకు చిన్నప్పట్నుంచీ గిటారు మీద ఆశ. కాలేజీ రోజుల్లో అడిగితే, "ఆడపిల్ల నేర్చుకుంటే వీణ నేర్చుకోవాలి గాని గిటారేమిటి, సినిమాల్లో చేరతావా?" అన్నారు నాన్నగారు. వీణా నేర్పించలేదు, అది వేరే సంగతి. ఇన్నేళ్లకి, నలభై అయిదు నిండాక, నా నవలల డబ్బు కొంచెం కూడబెట్టుకుని సికిందరాబాదులో ఒక సంగీత వాద్యాల షాపుకి వెళ్లాను. గోడ నిండా గిటార్లు. షాపతను ఒకటి తీసి చేతికిచ్చి "వాయించి చూడండి మేడమ్" అన్నాడు. నాకు రాదని చెప్పడానికి సిగ్గేసి, ఏదో తెలిసినదాన్నల్లే రంధ్రంలోంచి లోపల అంటించిన లేబుల్ చదవడానికి వంగాను. అంతే.

ఎలా చెప్పను ఆ వాసన! ముందు కొత్త పెన్సిలు చెక్కినట్టు పొడిపొడిగా తగిలింది. దాని వెనక మిరియం నలిపినట్టు చిన్న ఘాటు. ఇంకా వెనక, బాగా లోపలెక్కడో, తీపి. పూవు తీపి కాదు, పండు తీపి కాదు. ఎప్పుడో చిన్నప్పుడు అమ్మమ్మగారింట్లో పాత పెట్టె మూత ఎత్తినప్పుడు వచ్చి, మళ్లీ ఎక్కడా దొరకని తీపి. లేబుల్ మీద ఏం రాసి వుందో ఇప్పటికీ నాకు తెలియదు. ఇది కావాలన్నాను. అతను ఆశ్చర్యపోయి వుంటాడు. ఒక్క తీగైనా మీటకుండా గిటారు కొన్న మొదటి మనిషిని నేనేనేమో.

తర్వాత అతనే చెప్పాడు. ముందు పలక సెడార్. ఉత్తర అమెరికా పడమటి తీరపు చెట్టు. పక్కలు, వెనక రోజ్‌వుడ్. మెడ స్పానిష్ సెడార్. ఇంటికొచ్చాక నేను పుస్తకాలు తిరగేస్తే ఇంకో తమాషా తెలిసింది. ఈ రెండు సెడార్లలో ఏదీ అసలు దేవదారు కాదు. స్పానిష్ సెడారైతే స్పెయిన్‌ది కూడా కాదు, అమెరికా ఖండపు వేడి దేశాల చెట్టు, కుటుంబం చూస్తే మన వేపచెట్టుకి చుట్టం! ఖరీదైన చుట్టల పెట్టెలు చేసేది దీనితోనేనట. పేరుకీ పుట్టుకకీ పొంతన లేకపోయినా వాసన మాత్రం అబద్ధం చెప్పదు.

ఇంకొకటి గమనించాను. గిటారు బయట ఎంత వెతికినా ఈ వాసన దొరకదు. బయటంతా పాలిష్. లోపలే పచ్చి చెక్కని అలా వదిలేస్తారు. పెళ్లిచూపులకి వెళ్లినవాళ్లకి హాల్లో సోఫాలే కనిపిస్తాయి. ఆ ఇంటి సంగతి తెలియాలంటే మంచినీళ్ల వంకతో వంటింటి దాకా వెళ్లాలి. గిటారుకి ఆ వంటింటి గుమ్మం ఈ రంధ్రం.

సరే, కొన్నాను. మా సందు చివర కుర్రాడొకడు ఇంజనీరింగు చదివి గిటారు నేర్పుతున్నాడు. శనివారం శనివారం వస్తాడు. "రోజూ పదిహేను నిమిషాలు చాలు ఆంటీ" అంటాడు. ఆంటీ అన్నది క్షమించాను గాని ఆ పదిహేను నిమిషాలే నావల్ల కాలేదు. ఎడమచేతి వేళ్ల చివర్లు మండుతాయి. నైలాను తీగలే కదా అంటాడు అతను. అతని వేళ్లు ఇరవయ్యేళ్లవి. అదీగాక నేను వాయిస్తే వచ్చేదాన్ని స్వరం అనడానికి నాకే మొహమాటం. ఆ మొహమాటంలోంచి గిటారు మీదికి వంగినప్పుడల్లా వాసన పలకరించేది. అదేమీ అడగదు. తాళం తప్పావనదు. ప్రాక్టీసు చేశావా అనదు. ఇలా క్రమంగా పాఠం తగ్గి వాసన మిగిలింది. శనివారం కుర్రాడు అడిగితే "చేశాను బాబూ" అని అబద్ధం చెప్పడం అలవాటైంది.

ఇప్పుడు చెప్పండి. ఎవరికీ నష్టం లేని ఆనందం. డబ్బు నాది, ముక్కు నాది, గిటారు నాది. ఇందులో తప్పొప్పుల ప్రసక్తి ఎక్కడిది?

ఉందని మా నాయనమ్మ అంటుంది. ఇప్పుడు లేదు, వుంటే అని వుండేది. నాకు ఆరేళ్లప్పుడు పూజకి మల్లెపూలు కోసుకురమ్మంటే కోసి, దారిలో ఒక్కసారి, ఒక్కసారే, దోసిలి ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాను. ఆవిడ చూడనే చూసింది. బుట్టెడు పూలూ తీసి అవతల పోసింది. "వాసన చూసిన పూవు దేవుడికి పెడతామా? ఎంగిలి కాదూ?" అంది. నోరు తగలందే ఎంగిలెలా అవుతుందని ఏడ్చాను. వాసన చూస్తే సగం తిన్నట్టేనే పిచ్చిదానా అంది.

ఆ మాట చాదస్తమని చాలాకాలం అనుకున్నాను. బి.ఎ.లో నేను ఫిలాసఫీ తీసుకున్నానని మా ఇంట్లో ఎవరూ గుర్తుంచుకోరు. ఆ చదువులో పనికొచ్చినవి నాకు రెండో మూడో సంగతులు. అందులో ఒకటి తర్కసంగ్రహం. పదిహేడో శతాబ్దంలో దాన్ని రాసిన అన్నంభట్టు మన తెలుగువాడే నంటారు. ఆయన లెక్కలో ఒక్కో భూతానికి ఒక్కో గుర్తు. గంధం ఎక్కడుంటే అది భూమి. శబ్దం ఎవరి గుణమో అది ఆకాశం. నీళ్లకి వాసన లేదు, గాలికి వాసన లేదు. గాలి ఎక్కణ్ణుంచో భూమి రేణువుల్ని మోసుకొచ్చి మన ముక్కుకి అప్పగిస్తుంది, అంతే.

ఇవాళ్టి సైన్సు భూమి అనే మాట వాడదు గాని మోసుకురావడం అనే విషయంలో పేచీ పెట్టదు. చెక్కలోని సువాసన ద్రవ్యం అణువు అణువుగా గాలిలోకి లేచి వచ్చి ముక్కు లోపలి పొరకి తగిలితేనే మనకి వాసన. దూరాన్నుంచి చూసినట్టు, దూరాన్నుంచి విన్నట్టు దూరాన్నుంచి వాసన చూడటమంటూ లేదు. దూరంగా వున్నట్టనిపించినా ఆ వస్తువు కొంచెం మన దగ్గరికి వచ్చేసి వుంటుంది. చూస్తే వస్తువు తరగదు. వింటే తరగదు. వాసన చూసిన ప్రతిసారీ అందులోంచి ఎంతో కొంత వెళ్లిపోయినట్టే. డబ్బాలో కర్పూరం తరగడం మనకి కంటికి కనిపిస్తుంది, చెక్క తరగడం కనిపించదు. నాయనమ్మ ఏ పుస్తకమూ చదవకుండానే సరిగ్గా చెప్పింది. ఇది తినడమే.

తింటున్నానని ఒప్పుకున్నాక, ఏం తింటున్నానన్న ప్రశ్న వస్తుంది. అక్కడ నాకు నిజంగానే చురుక్కుమంది.

రోజ్‌వుడ్ అంటే ఏదో విలాయతీ సరుకనుకున్నాను. కాదు. మన జిట్రేగి. కొన్నిచోట్ల ఇరుగుడు అంటారు. కన్నడంవాళ్ల బీటె, మలయాళంవాళ్ల ఈట్టి. కోసినప్పుడు గులాబీలాంటి తీపి వాసన వస్తుందనే రోజ్‌వుడ్ అన్న పేరు. అంతే గాని గులాబీ మొక్కకీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. నిజానికి గిటార్ల ప్రపంచంలో ముందు పేరు మనది కాదు, బ్రెజిల్ రోజ్‌వుడ్‌ది. దాన్ని కోసి కోసి, 1960ల చివరికి ఆ దేశం దుంగల ఎగుమతికి అడ్డుకట్ట వేసింది. అప్పుడు 1833 నుంచి గిటార్లు చేస్తున్న మార్టిన్ కంపెనీ లాంటి అమెరికావాళ్లు 1969 ప్రాంతంలో మనవైపు తిరిగారు. నీలగిరులు, వయనాడు, కొడగు - ఆ కొండల చెట్టు ప్రపంచమంతటి గిటార్లకీ వీపు అయింది. బ్రెజిల్ చెట్టు వ్యాపారాన్ని 1992లో అంతర్జాతీయంగా దాదాపు నిషేధించారు. 2017 జనవరిలో ఈ జాతి చెట్లన్నింటినీ, మన జిట్రేగితో సహా, అనుమతి వుంటేనే సరిహద్దు దాటాలనే జాబితాలో చేర్చారు. గిటారు పట్టుకుని ఊళ్లు తిరిగే కళాకారులు, తయారుచేసేవాళ్లు గోలపెట్టగా 2019 నవంబరులో తయారైన వాద్యాలకి మాత్రం మినహాయింపు ఇచ్చారు. చెట్టు మాత్రం అపాయపు జాబితాలోనే వుంది.

అన్నీ అడవి కొట్టి తెచ్చినవే అనడం అన్యాయం. కాఫీ తోటల్లోనూ టీ తోటల్లోనూ నీడ కోసం పెంచిన జిట్రేగులు వున్నాయి. ముసలివై అనుమతితో కొట్టినవీ వున్నాయి. నా గిటారు వీపు ఏ కొండదో, ఏ తోటదో నాకు తెలియదు. కానీ ఒకటి తెలుసు. జిట్రేగి నిదానంగా పెరిగే చెట్టు. గిటారుకి పనికొచ్చే మందం రావాలంటే ఒక మనిషి జీవితమంత కాలం నిలబడాలి. అంటే మా నాయనమ్మ నా పూలు పారబోసిన రోజున ఈ చెట్టు ఎక్కడో వానలో తడుస్తూనే వుండి వుంటుంది.

పోనీ, సంగీతం కోసం కదా, చెట్టు జన్మ ధన్యమైంది కదా అని సమాధానపడదామా? ఆ సమాధానం కూడా మిగలనివ్వలేదు స్పెయిన్‌వాడొకడు. గిటారుకి ఇవాళ్టి రూపం ఇచ్చిన ఆంటోనియో దె టోర్రెస్ 1862లో ఒక గిటారు చేశాడు. ముందు పలక మంచి చెక్క. పక్కలూ వీపూ మాత్రం అట్ట! కాగితపు అట్ట. స్వరం పుట్టేది ముందు పలకలోనే అని నిరూపించడానికి చేశాడట. అది ఇప్పటికీ బార్సిలోనా మ్యూజియంలో వుంది. ఇంకా ఈ మధ్యే, 2018లో, ఇంగ్లండులో లాంకాస్టర్ యూనివర్సిటీ వాళ్లు ఒక ప్రయోగం ప్రకటించారు. ఆరు గిటార్లు, అన్నీ ఒకే తీరుగా చేసినవి, వీపు చెక్కలు మాత్రం వేరు వేరు. బ్రెజిల్ రోజ్‌వుడ్ ఒకటి, మన రోజ్‌వుడ్ ఒకటి, చవకరకాలు కొన్ని. 52 మంది గిటారువాళ్లకి మసక వెలుతురులో, కళ్లకి వెల్డింగు అద్దాలు పెట్టి వాయించమన్నారు. ఏది గొప్పదో వాళ్లు తేల్చలేకపోయారు. అన్నింటికీ ఇంచుమించు ఒకే మార్కులు పడ్డాయి.

అంటే ఏమిటి? చెవికి పెద్ద తేడా లేకపోతే అంత ఖరీదైన చెట్టు దేనికోసం పడింది? కంటికోసం. ముక్కుకోసం. నాలాంటివాళ్ల కోసం. అగరొత్తి అన్నప్పుడు మావారు వేళాకోళమే చేశారు గాని, ఆ అగరొత్తి పొడవు అరవై అడుగులని ఆయనకీ తెలియదు.

ఇదంతా చదివిన రాత్రి నేను గిటారు పెట్టె మూసేసి, జిప్పు లాగేసి, పెట్టెని బీరువా వెనక నిలబెట్టేశాను. ఇక వాసన చూడకూడదనుకున్నాను. మూడు రోజులు చూడలేదు. నాలుగో రోజు నాకే నవ్వొచ్చింది. వ్రతం చేశానే అనుకో, చెట్టు తిరిగి లేస్తుందా? కొట్టిన చెట్టుని బీరువా వెనక పెట్టి నేను పుణ్యాత్మురాలిని అయిపోతే అది చెట్టుకి రెండో అవమానం. అనుభవించడం తప్పని తేల్చి మానేయడం ఒక రకమైన తేలిక దారి. ఏమీ ఖర్చు కాదు. మనకి మనమే మంచివాళ్లుగా కనిపిస్తాం.

అలాగని నా డబ్బు, నా ముక్కు అని మళ్లీ చాప పరవనూ లేకపోయాను. ఇలా వుండగా కార్తీకమాసానికి మా అమ్మ వచ్చింది.

అమ్మకి డెబ్బై రెండేళ్లు. అమ్మ పుట్టిల్లు విజయనగరం. వీణ నేర్చుకుంది. పెళ్లికి తాతగారు బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేయించిన వీణ ఇచ్చారు. ఒకే పనస దుంగలో తొలిచిన ఏకాండి వీణ. అది అమ్మతోపాటు గోదావరి జిల్లాకి కాపరానికి వచ్చింది. వచ్చిన కొత్తలో ఓ సాయంత్రం వాయిస్తే, మా నాయనమ్మ - పూలు పారబోసిన నాయనమ్మే - "వీధి వినబడేట్టు ఏమిటిది, సంసారం అనుకున్నావా, సభ అనుకున్నావా?" అందిట. అమ్మ మళ్లీ వాయించలేదు. నేను పుట్టాక ఎప్పుడూ వినలేదు. పడకగది మూల పసుపు బట్ట తొడుగులో నిలబడి వుండేది వీణ. శుక్రవారం శుక్రవారం అమ్మ తలంటి పోసుకుని, తొడుగు తీసి, మెత్తటి బట్టతో తుడిచి, బొట్టు పెట్టి, మళ్లీ తొడుగు వేసేది. అన్నయ్య ఇంజనీరింగు ఫీజుకి ఒక ఏడాది అది కూడా వెళ్లిపోయింది. అమ్మ ఆ రోజు మామూలుగానే వంట చేసింది.

మావారు ఊరుకుంటారా! అత్తగారి ముందు అగరొత్తి కథ అభినయంతో సహా చెప్పారు. అమ్మ నవ్వింది. రాత్రి నా పక్కన పడుకున్నాక, దీపం తీసేశాక అడిగింది.

"ఏదీ, ఆ గిటారు ఒకసారి తేవే."

దీపం వేసి, బీరువా వెనకనుంచి తీసి మంచం మీద పెట్టాను. అమ్మ దాన్ని వీణలాగే అడ్డంగా ఒళ్లో పెట్టుకుంది. తీగ మీటలేదు. నేను ఏ రంధ్రం దగ్గర పట్టుబడ్డానో సరిగ్గా అక్కడికి వంగింది. కాసేపు అలాగే వుంది.

"పనస కాదు ఇది" అంది.

"జిట్రేగి అమ్మా."

"పనసకి ఇంత ఘాటు వుండదు. కొంచెం నూనె వాసన, మెట్లు నిలబెట్టిన మైనం వాసన, దాని వెనక చెక్క. కుండ మీద చిన్న చిల్లులు వుంటాయి చూడు, అక్కడ బాగా వచ్చేది."

నేను లేచి కూర్చున్నాను. "నువ్వూ చూసేదానివా?"

"మరి శుక్రవారం అంతసేపు ఏం తుడిచేదాన్ననుకున్నావు?" అంది అమ్మ.

చాలాసేపు ఇద్దరం మాట్లాడలేదు. ముప్ఫై ఏళ్లు. ప్రతి శుక్రవారం తలుపు దగ్గరగా వేసుకుని, తడిజుట్టుతో, పూజ చేస్తున్నట్టుగా మా అమ్మ వీణ వాసన చూసుకుంది. ఆ ఇంట్లో శబ్దానికి నిషేధం గాని వాసనకి లేదు. వాసన వీధిలో వినపడదు కదా. అది దొంగతనమా? ఎవరైనా ఆ మాట అంటే నేను వాళ్లతో పోట్లాడతాను. పూర్తి భోజనం లాక్కున్న ఇంట్లో ఆవిడ సగం భోజనంతో బతికింది.

నా ప్రశ్నకి జవాబు అక్కడ దొరికింది. వాసన చూడటంలో తప్పు లేదు. అది సగం భోజనమైతే, ఆ మిగతా సగం ఏమైందన్నదే ప్రశ్న. మా అమ్మ దగ్గర్నుంచి ఆ సగాన్ని ఇంకొకరు తీసుకున్నారు. నా దగ్గర్నుంచి ఎవరు తీసుకున్నారు? నాయనమ్మ లేదు. నాన్నగారు లేరు. మావారు వేళాకోళం చేస్తారు గాని వద్దనరు. వీధికి వినబడితే వీధివాళ్లు చెవుల్లో దూది పెట్టుకుంటారు, అంతే. మొత్తం విస్తరి వేసి వడ్డిస్తే, వేళ్లు మండుతాయనీ నలుగురూ నవ్వుతారనీ వాసన చూసి లేచిపోతున్నది నేనే. నా ముఖం దొంగ ముఖంలా అయింది అందుకే. నేను తిన్నందుకు కాదు, తినకుండా లేచినందుకు.

చిన్నప్పుడు మీరూ విని వుంటారు ఓ కథ. పూటకూళ్లింటి అరుగు మీద కూర్చుని ఓ బీదవాడు వంటల వాసన పీలుస్తూ తన చద్దన్నం తిన్నాడట. వాసనకి డబ్బివ్వమని పూటకూళ్లామె తగాదాకి దిగింది. న్యాయాధికారి బీదవాడి మొలలో వున్న నాణేలు గలగలా ఆడించి, "వాసనకి ఖరీదు ఈ చప్పుడు, చెల్లిపోయింది పో" అన్నాడట. పూటకూళ్లామె ఓడిపోయిందని నవ్వేవాళ్లం. ఇప్పుడు ఆ తీర్పు నాకు మరోలా వినిపిస్తోంది. వాసనకి ఖరీదు చప్పుడే! జిట్రేగి చెట్టు నా దగ్గర్నుంచి పశ్చాత్తాపం అడగడం లేదు. చప్పుడు అడుగుతోంది. దాన్ని కొట్టినప్పుడు వాద్యం చేస్తామని చెప్పే కొట్టారు. ఆ మాట నిలబెట్టే బాధ్యత చివరికి కొన్నవాళ్ల మీద పడుతుంది.

నిలబెట్టడం వల్ల ముక్కుకీ నష్టం లేదు. ఒకటి చెప్తాను, మీరూ గమనించి వుంటారు. వాసన అదేపనిగా చూస్తే అయిదు నిమిషాల్లో ముక్కు మొద్దుబారుతుంది. ఎంత గట్టిగా పీల్చినా ఏమీ రాదు. ముక్కుకి పేరాశ నచ్చదు. దాన్ని మరిచిపోయి వేరే పనిలో వుండి తిరిగొస్తే మళ్లీ మొదటిసారిలా పలకరిస్తుంది. గిటారులో ఆ వేరే పని వాయించడమే. మందరపు తీగ మీటితే ఆ రంధ్రంలోంచి గాలి సెకనుకి సుమారు వందసార్లు లోపలికీ బయటికీ ఊగుతుందట. అంటే వాయిస్తున్నంతసేపూ గిటారు ఊపిరి తీస్తూనే వుంటుంది. అన్నంభట్టుగారి భూమీ ఆకాశమూ రెండూ ఆ గుమ్మంలోంచే బయటికొస్తాయి. వాయించేవాడు వాసన కోసం వంగక్కర్లేదు.

మర్నాడు ఉదయం పెట్టె తెరిచాను. ఒక నియమం పెట్టుకున్నాను. ముందు పావుగంట చప్పుడు, తర్వాతే వాసన. తప్పితే ఆ రోజుకి లేదు. కుర్రాడు చెప్పిన సరళి మొదలుపెట్టాను. మూడో స్వరం దగ్గర వేలు జారి తీగ జర్రుమంది. సిగ్గుతో ఆగిపోయాను.

వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది.

"ఆపకు. మూడోది సరిగా నొక్కలేదు. మళ్లీ వాయించు."

మావారు పేపరు పక్కనపెట్టి కాఫీ అడగబోయి, మా ఇద్దరినీ చూసి ఆగిపోయారు. వీధి తలుపు తెరిచే వుంది. నేను లేచి మూయలేదు.